భూరీకి వండిన శీరా

ఓదెలు కాక దినాలకు వెళ్లి వచ్చి మూడు వారాలైంది. ఆ రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక చిన్నమ్మ నన్ను టెంటు కింద కూర్చున్న చుట్టాలకు చూపించి, "గీ రాజేశమే. కరోనా అప్పుడు సూరత్‌ల కుక్క ఈనితే దగ్గరుండి చూసుకున్నడట. మనుషులకే తిండి లేని దినాలల్ల తన నోటికాడి బువ్వ తీసి దానికి పెట్టిండట. మా ఆయన ఎన్నిసార్లు చెప్పిండో లెక్క లేదు" అంది. చుట్టాలు నావైపు తిరిగి చూశారు. తలపాగా చుట్టుకున్న ఒక ముసలాయన "పుణ్యాత్మునివి బిడ్డా" అన్నాడు. నేను తల వంచుకున్నాను. అది వినయమని వాళ్లు అనుకున్నారు. విస్తరాకులు ఎత్తి, చిన్నమ్మకు చెప్పి, బస్సెక్కి సిరిసిల్ల వచ్చేశాను. అప్పటి నుంచి రాత్రి అన్నం ముందు కూర్చుంటే ఆ మాట అడ్డం పడుతోంది. జరిగింది అది కాదు. జరిగింది నాకు తెలుసు, కాకకు తెలుసు, సూరత్ గోడాదరాలో ఒక గల్లీ మొత్తానికి తెలుసు. మా ఊళ్ల వైపు మాత్రం ఎవరికీ తెలియదు.

ఓదెలు కాక నాకు రక్తసంబంధం కాదు. మా పక్క ఊరివాడు. సూరత్‌లో ఒకే కార్ఖానాలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపేవాళ్లం కనుక వరస కలుపుకున్నాం. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు, ఆయనకు యాభై దాటాయి. కింద ఇరవై నాలుగు సాంచాలు, పైన రేకుల గది. ఆ గదిలో ఏడుగురం ఉండేవాళ్లం. పగటి షిఫ్టువాడు లేచిన బొంతలోనే రాత్రి షిఫ్టువాడు పడుకునేవాడు, బొంత ఎప్పుడూ చల్లబడేది కాదు. గది అంతా మిషన్ నూనె వాసన, చెమట వాసన, కాక సగం కాల్చి గోడ సందులో దాచుకున్న బీడీల వాసన. కింద సాంచాల మోత ఎంతగా అలవాటైందంటే, లాక్‌డౌన్ వచ్చి అవన్నీ ఒకేసారి ఆగిపోయిన రోజు మాకు నిద్ర పట్టలేదు. మాట్లాడుకుంటే మా గొంతులు మాకే పెద్దగా వినిపించి సిగ్గేసేది. మోతలో అరిచి అరిచి మెల్లగా మాట్లాడటం మరిచిపోయాం మరి.

పక్కనే ఉన్న నవాగామ్ నుంచి ఒక లారీ తెలంగాణ వైపు వెళుతోందని తెలిసి ఐదుగురు వెళ్లిపోయారు. మా ఇద్దరికీ అందులో చోటు దొరకలేదు. కార్ఖానా యజమాని సేఠ్ ఫోన్ చేసి కాపలా ఉండమన్నాడు. ఉండిపోయాం. పనిలేని ఆ రోజుల్లో కూడా కాక తన పద్ధతి మానలేదు. పొద్దున్నే వేపపుల్ల నములుతూ కిందికి దిగి, నూనె డబ్బా పట్టుకొని ఒక్కో సాంచా దగ్గర ఆగి, చక్రాన్ని చేత్తో అర చుట్టు తిప్పేవాడు. "ఆగిన సాంచా అలిగిన బావ లెక్క రాజిగా. రోజు పలకరియ్యకుంటే తర్వాత మన మాట ఇనది" అనేవాడు. అది అయ్యాక పళ్లెం, సత్తు గిన్నె పట్టుకొని పెళ్లిళ్ల హాలు దగ్గర పంచే ఖిచిడీ కోసం లైనులో నిలబడటానికి వెళ్లేవాడు. లైను పదిగంటలకే మొదలయ్యేది, ఖిచిడీ ఒంటిగంటకు వచ్చేది. ఎండలో మూడు గంటలు. నాకు ఓపిక లేదు. "నువ్వుండు, కాపలా ఉండాలె కద" అని కాకే నాకు సాకు వెతికి ఇచ్చి, ఇద్దరి వంతూ తెచ్చేవాడు. ఈ సంగతి గుర్తుపెట్టుకుని మిగతాది చదవండి.

భూరీ ఆ గల్లీ కుక్క. మట్టి రంగులో ఉంటుంది కాబట్టి హిందీలో ఆ పేరు. మామూలుగా సాంచాల మోతకు భయపడి కార్ఖానా గడప తొక్కేది కాదు. మోత ఆగాక ఒక పొద్దున నిండు కడుపుతో లోపలికి వచ్చి, మూలనున్న వేస్టు దారం కుప్పను కాళ్లతో తవ్వడం మొదలుపెట్టింది. ఆ దారం దూదిలా మెత్తగా ఉంటుంది. మంచి పరుపు అవుతుందని నేను ఇంకో రెండు చేతుల దారం తెచ్చి వేశాను. నూనె డబ్బా పట్టుకొని అటు వచ్చిన కాక నా వీపు మీద ఒక్కటి వేశాడు.

"ఏందిరా గిది? ఎన్నేండ్ల సంది సాంచా నడుపుతున్నవ్? గీ దారం నీ వేలుకు చుట్టుకుంటే ఏమైతదో ఎరుకలేదా? పిల్లల కాళ్లు తెగుతయ్. తీసెయ్. గోనెసంచి తే."

కాక చిన్నప్పుడు వాళ్లింట్లో గొర్లమంద ఉండేది. మంద పోయాక సాంచాలకు వచ్చాడు గానీ ఆ చేతులు ఏమీ మరిచిపోలేదు. గోనెసంచి మీద నా పాత లుంగీ పరిపించి, భూరీకి కొంచెం దూరంలో గొంతుక్కూర్చొని, "జర ఎనకకు జరుగు. దానికి సిగ్గు" అన్నాడు. మొదటి రెండు పిల్లలు సులువుగానే వచ్చాయి. భూరీ సంచిని తనే చింపి, బొడ్డుతాడు కొరికి, నాకి శుభ్రం చేసుకుంది. మూడోది కూడా అంతే. నాలుగోది వచ్చేసరికి అలిసిపోయి తల కింద పెట్టేసింది. పిల్ల ఆ పల్చటి సంచిలోనే కదలకుండా ఉంది. కాక గోటితో సంచి చీల్చి, పిల్లను తీసి నా అరచేతిలో పెట్టాడు. తడి గుడ్డపీలికలా ఉంది. నుదుటి మీద తెల్ల మచ్చ.

"ఊపిరి గుంజుతలేదు కాక."

"నాకు కనబడ్తలేదా? ముక్కు తుడువు. తల కిందికి వట్టు. ఇగ రుద్దు. మెల్లగ కాదురా, నీ చేతిల ఉన్నది పువ్వు కాదు. రుద్దు!"

తువ్వాలతో వీపు మీద రుద్దాను. చెయ్యి నొప్పి పుట్టేదాకా రుద్దాను. కాక ఈలోగా బాబిన్ నుంచి దారం తెంపి రెండు పేటలు చేసి బొడ్డుతాడు కట్టి, మేము తెగిన పోగులు కత్తిరించుకునే చిన్న కత్తెరతో కోశాడు. ఇక లాభం లేదని నేను చెయ్యి ఆపబోతుండగా ఆ పిల్ల నోరు తెరిచింది. శబ్దం రాలేదు. మళ్లీ తెరిచింది. కీచుమని, తలుపు మడతబందు తిరిగినట్టు, చిన్న శబ్దం. నా అరచేతిలో దాని గుండె టపటపమని కొట్టుకోవడం మొదలైంది. జీవితంలో నేను చేసిన ఒక మంచి పని చెప్పమంటే అది చెబుతాను. దాని తర్వాత జరిగింది చెప్పాలి కాబట్టి అది చెప్పడానికీ నోరు రాదు.

తర్వాత ఇంకొకటి, మొత్తం ఐదు పిల్లలు. సంగతి గల్లీకి తెలిసింది ఎదురింటి మూడో అంతస్తులో ఉండే కాంతాబా వల్ల. బా అంటే అక్కడ తల్లి, అవ్వ. డెబ్బై దాటిన మనిషి, భావనగర్ వైపు పల్లె నుంచి వచ్చింది. చెవులు సరిగా వినపడవు గానీ చూపు మాత్రం గద్ద చూపు. రోగం భయానికి కొడుకు ఆమెను మెట్లు దిగనిచ్చేవాడు కాదు. పగలంతా బాల్కనీలోనే కూర్చొని గల్లీని చూస్తూ ఉండేది. ఆమె మాట సగం గుజరాతీ, సగం హిందీ. ఇన్నేళ్లకు నా చెవిలో అది తెలుగులోనే వినిపిస్తోంది కాబట్టి అలాగే రాస్తున్నాను.

"ఎయ్ దీకరా! భూరీ ఈనిందా? ఎన్ని?"

దీకరా అంటే కొడుకా అని. ఐదు వేళ్లు చూపించాను. ఆమె రెండు చేతులూ జోడించి కళ్లకు అద్దుకుంది. ఆ తర్వాత నాకు తెలియని ఒక ఆచారం చూశాను. వాళ్ల వైపు కుక్క ఈనితే గల్లీలో పిల్లలు ఇల్లిల్లూ తిరిగి పిండి, బెల్లం, నెయ్యి అడుక్కొస్తారట. బాలింతకు పెట్టినట్టే ఆ తల్లికి శీరా వండి పెడతారట. ఇప్పుడు పిల్లల్ని బయటికి ఎవరు పంపుతారు? ఆ పని నాకు పడింది. ముక్కుకు రుమాలు కట్టుకొని, ఒక్కో బాల్కనీ కింద నిలబడి "భూరీ ఈనింది, శీరాకు పెట్టండి" అని అరిచాను. మూడేళ్లుగా అదే గల్లీలో నడుస్తున్నా నా పేరు తెలియని ఇళ్లు అవి. తాళ్లకు కట్టిన సంచులు ఒక్కొక్కటిగా దిగాయి. గుప్పెడు గోధుమపిండి, బెల్లం ముక్క, చిన్న సీసాలో నెయ్యి. ఒకావిడ పైనుంచి "కుక్కకేనా, నీకా?" అని నవ్వింది. నేనూ నవ్వాను. అన్నీ కాంతాబా దించిన బుట్టలో వేస్తే ఆమె పైకి లాక్కుంది. కాసేపటికి గల్లీ అంతా నెయ్యిలో పిండి వేగే వాసన. నెలరోజులుగా చప్పటి ఖిచిడీ తప్ప ఏమీ ఎరగని నేను ఆ వాసన పీలుస్తూ బాల్కనీ కిందే నిలబడిపోయాను.

గిన్నె తాడు మీద దిగింది. "కళ్లు తెరిచేదాకా రోజూ చేస్తాను. వేడి ఆరాక పెట్టు. మొత్తం పెట్టు, దాచొద్దు. ఐదుగురు పాలు తాగాలి" అంది కాంతాబా.

మొదటి రోజు గిన్నె అంచుకు అంటింది మాత్రం వేలితో తీసి నాకాను. రెండో రోజు ఒక ముద్ద. మూడో రోజు కార్ఖానా లోపల, పిల్లల్ని వదిలి నా కాళ్ల దగ్గరికి వచ్చి కూర్చున్న భూరీ ముందే సగం తిన్నాను. నాలుగో రోజుకు నాకు ఒక పద్ధతి ఏర్పడింది. కాక లైనుకు వెళ్లగానే గిన్నె దిగుతుంది. నేను తినగలిగినంత తిని, అడుగున మిగిలినదానికి నీళ్లు కలిపి, భూరీ ముందు పెట్టేవాడిని. అది గిన్నెను నేల మీద తోసుకుంటూ అడుగంటా నాకేది.

ఆకలి వల్ల తిన్నానని చెప్పుకోవడం సులువు. చాలాకాలం నాకు నేను అలాగే చెప్పుకున్నాను. ఆ రోజుల్లో వలస కూలీ ఆకలి గురించి చెబితే ఎవరూ ఎదురు ప్రశ్న వేయరు. కానీ నిజం అది కాదు. రోజుకొక పూట ఖిచిడీ వస్తోంది, కాక తన వంతులోంచి కూడా నాకు వేస్తున్నాడు. నేను చచ్చిపోయే ఆకలితో లేను. నాకు నెయ్యి కావాలనిపించింది. తీపి కావాలనిపించింది. ఇంకో మాట కూడా ఉంది. మూడేళ్లు మా గది వైపు తలెత్తని ఇళ్లు ఒక కుక్క కోసం బుట్టలు దించాయి. ఇది నాకు పెట్టాల్సింది కాదా అని లోపల ఒక మూల మండింది. ఆ మంట తప్పు కాకపోవచ్చు. కానీ దాన్ని తీర్చుకున్నది ఆ ఇళ్ల మీద కాదు, నా కాళ్ల దగ్గర కూర్చున్న బాలింత కుక్క మీద.

ఆరో రోజుకు పిల్లలు ఎడతెగకుండా ఏడవడం మొదలుపెట్టాయి. కాక భూరీ పొదుగు పట్టి చూశాడు.

"పాలు పడ్తలేవు. అది శీరా తింటున్నదా?"

"పెడుతున్న కాక. అదే తింటలేదు."

"మొత్తం పెడుతున్నవా?"

"ఒట్టు కాక."

కాక నా ముఖంలోకి చూసి, పళ్లెం, గిన్నె పట్టుకొని లైనుకు వెళ్లాడు. ఆ మధ్యాహ్నం ఖిచిడీ తెచ్చి, నా వంతు నాకు పెట్టి, తన పళ్లెం తీసుకెళ్లి భూరీ ముందు పెట్టాడు. "నాకు కడుపుల బాగలేదు" అన్నాడు. మర్నాడూ అదే చెప్పాడు. చిన్నమ్మ చుట్టాలకు చెప్పిన ఆ నోటికాడి బువ్వ ఇదే. అది కాకది.

ఏడో రోజు పొద్దున నుదుటి మీద తెల్ల మచ్చ ఉన్న పిల్ల చల్లబడి ఉంది. తక్కిన నాలుగూ దాన్ని తొక్కుకుంటూ పాల కోసం పాకుతున్నాయి. భూరీ దాన్ని మూతితో రెండుసార్లు దగ్గరికి లాక్కొని, తర్వాత వదిలేసింది. కాక దాన్ని గుడ్డలో చుట్టి వెనక ఖాళీ స్థలంలో పూడ్చాడు. "ఆలస్యంగ ఊపిరి వచ్చిన పిల్ల. గొర్లల్ల గూడ గట్లనే పోతయ్" అన్నాడు. అయ్యుండవచ్చు. ఆ "అయ్యుండవచ్చు" వెనక నేను చాలా ఏళ్లు దాక్కున్నాను.

కాంతాబా పైనుంచి అంతా చూసింది. గుడ్డ మూట చూసి అర్థం చేసుకుంది. బాల్కనీ కడ్డీలు పట్టుకొని, పక్క బాల్కనీ ఆవిడతో, చెవిటివాళ్లు మాట్లాడినట్టే గట్టిగా చెప్పుకొని ఏడ్చింది. "నా పాపమే. రెండో రోజుకే నెయ్యి అయిపోయింది. కోడలిని అడగలేక సగం నూనె పోసి చేశాను. నూనె శీరాతో పాలు పడతాయా? ఆ పిల్లను నేనే చంపాను."

నేను కింద నిలబడి విన్నాను. ఆ రోజంతా నోరు విప్పలేదు. ఆమె నా దగ్గరలో ఉంటే చెవిలో చెప్పి కాళ్ల మీద పడేవాడినేమో. మెట్లెక్కే వీలు లేదు, ఫోన్ ఆమెకు వినపడదు. మర్నాడు పొద్దున గిన్నె దిగింది. మూత తీయకుండానే వాసనకే తెలిసింది, అంతా నెయ్యే. ఎవరిని అడిగిందో, ఏం మాట పడిందో. గిన్నెను తాడు నుంచి విప్పకుండా రెండు చేతులతో పట్టుకున్నాను.

"బా! మీ తప్పు కాదు" అన్నాను పైకి చూస్తూ.

"ఏం?"

"మీ తప్పు కాదు. శీరా నేను తిన్నాను."

"ఏం? భూరీ తిన్నదా?"

"నేను! నేను తిన్నాను బా! భూరీకి పెట్టకుండా నేనే తిన్నాను!"

సాంచాల మోతలో అలవాటైన గొంతు అది. ఆ మోత లేని గల్లీలో ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లింది. బాల్కనీల్లోకి ఒక్కొక్కరే వచ్చారు. ఎవరూ నవ్వలేదు. లైనుకు బయలుదేరిన కాక మలుపు దగ్గర పళ్లెంతో అలాగే ఆగిపోయాడు. కాంతాబాకు ఈసారి వినపడింది. తిడుతుందనుకున్నాను, లేదా ఆకలైతే నన్ను అడగొచ్చుగా అంటుందనుకున్నాను. రెండూ అనలేదు. తాడు మెల్లగా పైకి లాగింది. నేను చేతులు వదిలాను, గిన్నె పైకి వెళ్లిపోయింది. "నీ కాకను పిలువు. ఇక నుంచి ఆయన చేతికే ఇస్తాను" అంది. ఆ తర్వాత మేము ఊరు వెళ్లేదాకా ఆమె నాతో మాట్లాడలేదు. నన్ను క్షమించిందో లేదో తెలియదు. క్షమించలేదనే అనుకుంటాను. అందులో ఆమె తప్పేమీ లేదు.

అంటే కాకకు అంతా తెలుసు. తెలిసే, ఊరికి వచ్చాక తను చేసిన పనిని నా పేరు మీద చెప్పాడు. ఎందుకు చెప్పాడో అడగడానికి ఇప్పుడు ఆయన లేడు. నాకొక మంచి పేరు తొడిగితే దానికి తగ్గట్టు పెరుగుతాననుకున్నాడేమో. పెరిగానా అని చూసుకుంటే, ఇప్పుడు నాకు ఇల్లుంది, ఇంట్లో నెయ్యి డబ్బా ఎప్పుడూ నిండే ఉంటుంది, పిల్లలు వద్దని పక్కకు నెడుతుంటారు. తినడానికి ఇంకొకరిది తీసుకునే అవసరం రాలేదు. అవసరం రాకపోవడాన్ని మంచితనం అనుకుంటూ ఇన్నేళ్లు బతికాను. ఇరవై రెండేళ్లప్పుడు ఒక గల్లీ మొత్తం వినేలా నిజం అరవగలిగినవాడిని, మొన్న జానెడు దూరంలో కూర్చున్న చిన్నమ్మతో మెల్లగా కూడా చెప్పలేకపోయాను. అప్పటికన్నా ఇప్పుడు నేను పోగొట్టుకోవలసింది ఎక్కువ, అంతే తేడా.

ఇంకొకటి చెప్పాలి. ఆ పొద్దున కాక లైనుకు వెళ్లడం మానుకొని, తాడు మీద మళ్లీ దిగిన గిన్నె అందుకున్నాడు. తిట్టలేదు, కొట్టలేదు. లోపలికి వచ్చి గిన్నె నా చేతుల్లో పెట్టి, "నువ్వే పెట్టు. అది తినేదాక ఈడనే ఉంట" అని బోర్లించిన డబ్బా మీద కూర్చున్నాడు. నేను గిన్నె భూరీ ముందు పెట్టాను. నిండు గిన్నె. భూరీ వాసన చూసింది. చొంగ కారుతోంది. కానీ మూతి పెట్టలేదు. రెండడుగులు వెనక్కి వేసి, కూర్చొని, నా ముఖం వైపు చూస్తూ తోక నేలకు కొట్టింది. గిన్నెను ఇంకొంచెం ముందుకు తోశాను. మళ్లీ వెనక్కి జరిగింది. గిన్నె వైపు చూసింది, నా చేతి వైపు చూసింది.

"దానికేమైంది? ఎందుకు తింటలేదు?" అన్నాను.

కాక బీడీ తీసి, వెలిగించకుండా మళ్లీ చెవి మీద పెట్టుకున్నాడు.

"నువ్వు తినాలెనని చూస్తున్నదిరా. ముందుగాల నీ వంతు, తర్వాత దాని వంతు. నువ్వు నేర్పిందేనాయె. పో, అవుతలికి పో. నువ్వుంటే అది తినది."

లేచి బయటికి వెళ్లి గోడ వైపు ముఖం పెట్టి నిలబడ్డాను. లోపల గిన్నె నేల మీద కదిలిన చప్పుడు వినిపించింది. నాలుగు పిల్లలూ కళ్లు తెరిచేదాకా ప్రతి పొద్దునా అంతే. గిన్నె పెట్టి బయటికి వచ్చి, ఆ చప్పుడు మొదలయ్యేదాకా గోడను చూస్తూ నిలబడేవాడిని.